ట్యూబ్ గిటార్ యాంప్ సంరక్షణ: గోడ సాకెట్ నుంచి బయాస్ దాకా, ఏది ముందు ఏది తర్వాత

"అన్నా, ట్యూబులు ఎన్నాళ్ళకి మార్చాలి?" ట్యూబ్ యాంప్ (ట్రాన్సిస్టర్ల బదులు గాజు ట్యూబులతో, అంటే వాల్వులతో, గిటార్ శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్) కొన్న ప్రతి ఒక్కరూ నన్ను మొదట అడిగేది ఇదే. జవాబు కింద ఏడో భాగంలో ఉంది. కానీ నేరుగా అక్కడికి వెళ్ళకండి, ఎందుకంటే నేను చూసినంతలో మన దగ్గర యాంపులు పాడయ్యేది ట్యూబులు అరిగిపోయి కాదు, ట్యూబుల బయట జరిగే తప్పుల వల్ల. ఎర్త్ లేని సాకెట్, చాలీచాలని స్టెప్‌డౌన్ (వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్), ఊడిపోయిన స్పీకర్ వైరు, పేలిన ఫ్యూజు స్థానంలో ఇంకా పెద్ద ఫ్యూజు. ట్యూబు పోతే ఇంకోటి తెచ్చి గుచ్చుకుంటాం. ట్యూబులకీ స్పీకర్‌కీ మధ్య ఉండే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలితే మాత్రం నెలల తరబడి యాంప్ మూలన పడుంటుంది.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. ఇక్కడ చెప్పేవన్నీ చాసిస్ (సర్క్యూట్ ఉండే లోహపు పెట్టె) విప్పకుండా చేసుకునే పనులే. లోపల 300 నుంచి 500 వోల్టుల దాకా డీసీ ఉంటుంది, ప్లగ్ పీకేసిన తర్వాత కూడా అది కెపాసిటర్లలో నిలిచి ఉంటుంది, ప్రాణం తీయగలదు. దాన్ని ఖాళీ చేయడం నేర్చుకున్నవాళ్ళే లోపల చెయ్యి పెట్టాలి.

1. ముందు మీ యాంప్ వివరాలు ఒక కాగితం మీద రాయండి

యాంప్ వెనక్కి తిప్పి, టార్చి వేసి చూడండి. మాన్యువల్ ఉంటే అదీ తీయండి. రాసిన కాగితాన్ని క్యాబినెట్ లోపలి చెక్కకి టేపుతో అంటించేయండి, రాత్రి తొమ్మిదింటికి స్టేజి మీద ఫ్యూజు పోయినప్పుడు అది పనికొస్తుంది.

- ఎన్ని వోల్టులకి తయారైంది: 120నా, 230నా? ఎన్ని హెర్ట్జులు?
- ఎన్ని వాట్లు తీసుకుంటుంది? అవుట్‌పుట్ వాట్లు కాదు, గోడ నుంచి లాగే వాట్లు.
- మెయిన్ ఫ్యూజు విలువ, రకం. ముందు టి అని ఉంటే స్లో బ్లో, అంటే నెమ్మదిగా పోయే రకం అని అర్థం.
- స్పీకర్ ఎన్ని ఓములు, వెనక ఏ జాక్‌లో పెట్టారు?
- ఏ ట్యూబు ఏ స్థానంలో ఉంది?
- బయాస్ (వాయించనప్పుడు పవర్ ట్యూబులు ఎంత కరెంటు లాగాలో నిర్ణయించే అమరిక) ఫిక్స్‌డా, క్యాథోడా?

ట్యూబుల స్థానాలు రాయమన్నది ఊరికే కాదు. చిన్నవన్నీ, అంటే ప్రీయాంప్ ట్యూబులన్నీ, 12ఏఎక్స్7లే అనుకుంటాం, ఈసీసీ83 అన్నా అదే. కానీ ఫెండర్ డీలక్స్ రివర్బ్ లాంటి వాటిలో కొన్ని స్థానాల్లో 12ఏటీ7 ఉంటుంది, చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. పెద్ద ట్యూబుల, అంటే స్పీకర్‌ని నడిపే పవర్ ట్యూబుల విషయానికొస్తే ఫెండర్ బ్లూస్ జూనియర్‌లో రెండు ఈఎల్84లు, డీలక్స్ రివర్బ్‌లో రెండు 6వీ6లు, హాట్ రాడ్ డీలక్స్‌లో రెండు 6ఎల్6లు, మార్షల్ డీఎస్ఎల్40లో రెండు ఈఎల్34లు, వాక్స్ ఏసీ30లో నాలుగు ఈఎల్84లు ఉంటాయి. ఒకదాని బదులు ఇంకోటి పెట్టే పనే లేదు.

2. గోడ సాకెట్: ఎక్కువ యాంపులు ఇక్కడే దెబ్బతింటాయి

*అమెరికా నుంచి వచ్చిన యాంప్.* అన్నయ్యో, స్నేహితుడో వచ్చేటప్పుడు తెచ్చిన యాంప్ చాలామటుకు 120 వోల్టులది. దాన్ని మన 230లో పెడితే ఫ్యూజు పోతుంది, అదృష్టం బాగోకపోతే పవర్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. యాంప్ 180 వాట్లు తీసుకుంటుందని రాసుంటే కనీసం 300, వీలైతే 500 వీఏ (వోల్ట్-యాంపియర్, ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యపు కొలత) ట్రాన్స్‌ఫార్మర్ తీసుకోండి. చేత్తో ఎత్తితే బరువుగా ఉండాలి. హెయిర్ డ్రయ్యర్ల కోసం అమ్మే అరచేతిలో పట్టే ట్రావెల్ కన్వర్టర్లు దీనికి పనికిరావు, అవి కరెంటు తరంగాన్ని కత్తిరించి పంపుతాయి.

స్టెప్‌డౌన్ వోల్టేజి తగ్గిస్తుంది కానీ హెర్ట్జులు మార్చదు. యాంప్ వెనక 50/60 అని ఉంటే దిగుల్లేదు. 60 అని మాత్రమే ఉంటే లోపలి ట్రాన్స్‌ఫార్మర్ మన 50 హెర్ట్జుల మీద ఎక్కువ వేడెక్కుతుంది, గంటల తరబడి వాడే ముందు మెకానిక్‌కి చూపించండి.

ఇంకొకటి, ఆ స్టెప్‌డౌన్‌కి మూడు పిన్నులు ఉన్నాయా, ఎర్త్ అవతలి సాకెట్ దాకా వెళ్తోందా అని మల్టీమీటర్‌తో చూడండి. చవక రకాల్లో మూడో రంధ్రం ఉంటుంది, దాని వెనక వైరు ఉండదు.

*ఎర్త్.* హమ్ (గుయ్ మనే మోత) వస్తోందని రెండు పిన్నుల అడాప్టర్ పెట్టేవాళ్ళు, ఎర్త్ పిన్ను తీసేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. దయచేసి ఆ పని చేయొద్దు. లోపల ఎక్కడైనా ఫేజ్ చాసిస్‌కి తగిలితే అది నేరుగా మీ గిటార్ తీగల్లోకి వస్తుంది, మీ పెదవులు మైక్‌కి తగలగానే దారి పూర్తవుతుంది.

కొత్త చోట వాయించే ముందు మల్టీమీటర్‌ని ఏసీలో పెట్టి చూడాల్సినవి:

- ఫేజ్, న్యూట్రల్ మధ్య: 230 దరిదాపుల్లో ఉండాలి.
- ఫేజ్, ఎర్త్ మధ్య: దాదాపు అంతే ఉండాలి.
- న్యూట్రల్, ఎర్త్ మధ్య: రెండు మూడు వోల్టులు దాటకూడదు. పదుల్లో ఉంటే ఎర్త్ సరిగా లేదు.
- అన్నీ ఆన్ చేశాక గిటార్ తీగలకీ మైక్ జాలీకీ మధ్య: సున్నాకి దగ్గరగా ఉండాలి.

సొంత ఇల్లయితే ఎండాకాలంలో ఎర్త్ గుంతలో నీళ్ళు పోస్తున్నారా అని ఇంట్లో అడగండి. ఉప్పు, బొగ్గు వేసి తీసిన గుంత మే నెలకి ఎండిపోతుంది, అప్పుడే "ఈ మధ్య యాంప్‌లో గుయ్ మంటోంది" అని మొదలవుతుంది. రెండు బిందెల నీళ్ళతో తగ్గిన హమ్ నేను చూశాను.

*ఎక్కువ తక్కువల కరెంటు.* ట్యూబుల హీటర్‌కి (లోపల వేడెక్కి వెలిగే తీగ) 6.3 వోల్టులు కావాలి, పది శాతం అటూ ఇటూ అయితే తట్టుకుంటుంది. 230కి తయారైన యాంప్‌కి 250 వస్తే హీటర్‌కి 6.85 దాకా వెళ్తుంది, అంటే దాదాపు అంచుకి వచ్చినట్టే. రాత్రి పొద్దుపోయాక వోల్టేజి పెరిగే వీధుల్లో ఉంటే స్టెబిలైజర్ పెట్టుకోండి.

కరెంటు పోగానే యాంప్ స్విచ్ ఆపేయండి. వచ్చాక రెండు నిమిషాలు ఆగి, ట్యూబ్‌లైటు నిలకడగా వెలుగుతోందని చూసుకుని మళ్ళీ వేయండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ట్యూబ్ యాంప్ నడపొద్దు, ప్యూర్ సైన్ వేవ్ అయితే ఫర్వాలేదు. పెళ్ళిళ్ళలో, పందిళ్ళలో జనరేటర్ మీద వాయించాల్సి వస్తే సీరియల్ లైట్లన్నీ వేయించి, వోల్టేజి కొలిచి, అప్పుడే ప్లగ్ పెట్టండి.

3. స్పీకర్ లేకుండా యాంప్ ఆన్ చేయొద్దు

ట్రాన్సిస్టర్ యాంప్‌కి స్పీకర్ పీకేస్తే మామూలుగా ఏమీ కాదు. ట్యూబ్ యాంప్ అలా కాదు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కి అవతల లోడ్ లేకపోతే, గట్టిగా ఒక కార్డ్ కొట్టగానే ఇవతల వైపు వోల్టేజి అదుపు తప్పి పెరుగుతుంది, చుట్ల మధ్య గానీ ట్యూబు సాకెట్ పిన్నుల మధ్య గానీ నిప్పురవ్వ దూకుతుంది. ఆ తర్వాత అక్కడ మసి దారి ఏర్పడి అదే చోట మళ్ళీ మళ్ళీ దూకుతుంది.

- ఆన్ చేసే ముందు స్పీకర్ జాక్ చేత్తో నొక్కి చూడండి. ప్రతిసారీ.
- ఓములు కలపండి. 8 ఓముల స్పీకర్‌ని 8 అని రాసిన జాక్‌లోనే పెట్టండి. రెండు 16లు ప్యారలల్‌లో కలిస్తే 8, రెండు 8లు కలిస్తే 4.
- హెడ్‌కీ (స్పీకర్ లేని విడి యాంప్) స్పీకర్ క్యాబినెట్‌కీ మధ్య స్పీకర్ కేబులే వాడండి, గిటార్ కేబుల్ వద్దు. రెండు చివర్లా అదే జాక్ ఉంటుంది కాబట్టి పొరపాటు సులువు. గిటార్ కేబుల్ లోపలి తీగ వెంట్రుకంత సన్నం, స్పీకర్‌కి వెళ్ళే కరెంటుకి వేడెక్కి తెగుతుంది. కరెంటు సామాన్ల కొట్లో దొరికే 1.5 స్క్వేర్ ఎంఎం రెండు పోగుల రాగి వైరుకి మంచి జాకులు టంకం వేయించుకున్నా చాలు.
- వాయిస్తుండగా శబ్దం ఆగిపోతే ఇంకా గట్టిగా కొట్టి చూడొద్దు. ముందు స్టాండ్‌బైలో (హీటర్లని వెలగనిచ్చి హై వోల్టేజి మాత్రం ఆపే స్విచ్) పెట్టండి, తర్వాత వెతకండి.

4. ఆన్, ఆఫ్

అన్నీ కలిపాక వాల్యూమ్ సున్నాలో పెట్టి పవర్ వేయండి. స్టాండ్‌బై స్విచ్ ఉంటే అర నిమిషం నుంచి నిమిషం ఆగి దాన్ని వేయండి. కొన్ని యాంపుల్లో స్టాండ్‌బై ఉండదు, అది లోపం కాదు.

ఆపేటప్పుడు స్టాండ్‌బై ముట్టుకోకుండా పవర్ ఒక్కటే ఆపండి. ట్యూబులు చల్లారేలోపు కెపాసిటర్లలో ఉన్న చార్జి కొంత వాటి గుండానే దిగిపోతుంది.

చాలామంది చేసే తప్పు, టీ తాగడానికి వెళ్తూ స్టాండ్‌బైలో పెట్టి రెండు గంటలు వదిలేయడం. హీటర్ కాలుతూ కరెంటు పారకుండా అంతసేపు ఉంచితే ట్యూబులో ఎలక్ట్రాన్లని వదిలే భాగం, క్యాథోడ్, పాడవుతుంది. పదిహేను ఇరవై నిమిషాల విరామానికి స్టాండ్‌బై, అంతకు మించితే పూర్తిగా ఆపేయడమే.

5. వేడి, తేమ, దుమ్ము, బల్లులు

వెనక తెరిచి ఉండే కాంబోకి (యాంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉండేది) గోడకీ కనీసం జానెడు దూరం ఉండాలి. యాంప్ నెత్తి మీద తువ్వాలు, నోటు పుస్తకాలు, టీ గ్లాసు పెట్టొద్దు. ఏప్రిల్, మే నెలల్లో గంటల తరబడి సాధన చేస్తుంటే వెనక నుంచి టేబుల్ ఫ్యాన్ గాలి తగిలేలా పెట్టండి. దానివల్ల ట్యూబుల కంటే ఎక్కువగా లోపలి కెపాసిటర్లకి ఆయుష్షు పెరుగుతుంది.

విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి సముద్రపు గాలి ఊళ్ళలో అసలు శత్రువు తేమ. జాకులు నల్లబడతాయి, స్క్రూలు తుప్పు పడతాయి, క్యాబినెట్ తోలు మీద బూజు వస్తుంది. వానాకాలంలో వాయించినా వాయించకపోయినా పదిహేను రోజులకోసారి అరగంట ఆన్ చేసి ఉంచండి, ఆ వేడికి లోపలి తడి పోతుంది. అలా ఉంచినంతసేపూ స్పీకర్ కలిపే ఉండాలి, స్టాండ్‌బైలో కాదు, వాల్యూమ్ సున్నాలో. కప్పడానికి పాత నూలు దుప్పటి వాడండి, ప్లాస్టిక్ కవర్ తేమని లోపలే పట్టి ఉంచుతుంది. అదీ యాంప్ పూర్తిగా చల్లారాకే. సిలికా జెల్ పొట్లాలు రెండు క్యాబినెట్ అడుగున పడేయండి, ట్యూబులకి దూరంగా.

వెచ్చగా, చీకటిగా ఉండే చోటు బల్లులకి, బొద్దింకలకి, చీమలకి ఇష్టం. కొన్ని వారాలు ముట్టుకోని యాంప్‌ని ఆన్ చేసే ముందు వెనక టార్చి వేసి చూడండి. ట్యూబు సాకెట్ల మీద బల్లి పడితే దానితోపాటు ఫ్యూజూ పోతుంది, ఒక్కోసారి అక్కడితో ఆగదు.

దుమ్ము దులపడానికి ప్లగ్ పీకి, చల్లారాక, మెత్తటి పెయింట్ బ్రష్ వాడండి. తడిగుడ్డ బయటి తోలుకి మాత్రమే. ఉరుములు మెరుపులు మొదలైతే స్విచ్ ఆపితే సరిపోదు, ప్లగ్ పీకేయాలి.

6. గరగరమనే నాబులు, తుప్పు పట్టిన జాకులు

వాల్యూమ్ తిప్పుతుంటే గరగరమంటే, ముందు యాంప్ ఆపి ఆ నాబ్‌ని ఈ కొస నుంచి ఆ కొస దాకా ముప్పై సార్లు తిప్పండి. సగం సందర్భాల్లో అక్కడికే పోతుంది. పోకపోతే కాంటాక్ట్ క్లీనర్ కావాలి. డీఆక్సిట్ లాంటిది వాడండి, తలుపు బందులకి కొట్టే డబ్ల్యూడీ-40 వద్దు. చాలా యాంపుల్లో పాట్ (నాబ్ వెనక ఉండే భాగం) మీద కొట్టాలంటే చాసిస్ తీయాలి కాబట్టి ఆ పని సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు చేయించుకోండి. శుభ్రం చేసిన వారానికే మళ్ళీ గరగర వస్తే అది మురికి కాదు. పాట్ మీదికి డీసీ లీకవుతోంది, కప్లింగ్ కెపాసిటర్ చూడమని మెకానిక్‌కి చెప్పండి.

జాకులు మీరే చేసుకోవచ్చు. పాత గిటార్ ప్లగ్ మీద రెండు చుక్కల క్లీనర్ వేసి, ఆపి ఉన్న యాంప్ జాక్‌లో పదిసార్లు పెట్టి తీయండి. అన్ని జాకులకీ చేయండి, ముఖ్యంగా ఎఫెక్ట్స్ లూప్ జాకులకి (పెడల్స్ కలపడానికి ఉండే సెండ్, రిటర్న్ జాకులు).

ఎఫెక్ట్స్ లూప్ ఎప్పుడూ వాడనివాళ్ళకే ఈ సమస్య ఎక్కువ. ఏమీ గుచ్చనప్పుడు సిగ్నల్ ఆ జాక్ లోపలి చిన్న రేకు గుండా వెళ్తుంది, అది నల్లబడితే శబ్దం ఉన్నట్టుండి పడిపోతుంది, వస్తూ పోతూ ఉంటుంది. ట్యూబులు పోయాయని అందరూ కొత్తవి కొనేస్తారు. కొనకముందు ఒక చిన్న కేబుల్‌ని సెండ్ నుంచి రిటర్న్‌కి కలిపి చూడండి. శబ్దం మామూలుగా వచ్చేస్తే తప్పు జాక్‌ది.

7. ట్యూబులు చూడటం, వినటం, తట్టడం

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. పవర్ ట్యూబులు తరచుగా స్టేజి మీద వాడితే ఏడాది, రెండేళ్ళు. ఇంట్లో తక్కువ వాల్యూమ్‌లో అయితే ఇంకా ఎక్కువే వస్తాయి. ప్రీయాంప్ ట్యూబులు చాలా ఏళ్ళు పనిచేస్తాయి, శబ్దం చేయడం మొదలెడితే తప్ప ముట్టుకోవద్దు. క్యాలెండర్ చూసి మార్చే వస్తువులు కావివి.

గదిలో లైటు ఆపి యాంప్ వెనక కూర్చోండి.

- లోపల నారింజ రంగు తీగ వెలుగు: మామూలే.
- గాజు లోపలి వైపు పల్చటి నీలి వెలుగు, వాయిస్తుంటే వణికేది: మామూలే, చూడ్డానికి బాగుంటుంది కూడా.
- ప్లేట్ల (ట్యూబు లోపలి బూడిద రంగు లోహపు రేకులు) మధ్య ఊదా, గులాబీ రంగు పొగలాంటి వెలుగు: లోపలికి గాలి చేరింది, మార్చేయాలి.
- గాజు మీది అద్దం లాంటి మచ్చ పాలలా తెల్లబడితే: ట్యూబు పని అయిపోయింది.
- బూడిద రంగు ప్లేటు ఎర్రగా కాలుతుంటే: వెంటనే పవర్ ఆపండి. స్టాండ్‌బై కాదు, పవర్.

ఈ చివరిది నా యాంప్‌కే జరిగింది. జులై నెల, రిహార్సల్, రెండు ఈఎల్34ల యాంప్. మొదట బాస్ పల్చబడింది, పట్టించుకోలేదు. తర్వాత వేడి దుమ్ము వాసన వచ్చింది. వెనక్కి వంగి చూస్తే కుడి ట్యూబు ప్లేటు మీద రూపాయి బిళ్ళంత మచ్చ, పొయ్యిలో పెట్టిన ఇనప చువ్వలా ఎర్రగా ఉంది, నేను చూస్తుండగానే అది పక్కకి పాకింది. పవర్ స్విచ్ మీద చెయ్యి పడేలోపే ఫ్యూజు పోయింది. పక్కనున్న స్నేహితుడు "ఇంకో ఫ్యూజు వేసి చూద్దాం, ఇంకాస్త పెద్దది" అన్నాడు. వేయలేదు. మెకానిక్ తీసి చూస్తే ఆ సాకెట్‌లో అయిదో పిన్ను పట్టు వదులైంది, గ్రిడ్‌కి (ట్యూబులో కరెంటుని అదుపు చేసే భాగం) వెళ్ళాల్సిన నెగెటివ్ బయాస్ అందడం లేదు, ట్యూబు కళ్ళెం లేని గుర్రంలా కరెంటు లాగేసింది. పట్టు బిగించి, జత ట్యూబులు, ఒక రెసిస్టర్ మార్చాడు. పెద్ద ఫ్యూజు వేసి ఉంటే ట్రాన్స్‌ఫార్మరే ఫ్యూజు అయ్యేది.

శబ్దంతో గుర్తుపట్టడం ఇలా: బాస్ వదులై, ట్రెబుల్ మొద్దుబారి, అదే వాల్యూమ్‌లో చురుకు తగ్గితే పవర్ ట్యూబులు. ఉస్ మనడం, చిటపటలు, కీచుమని ఊళ వేయడం అయితే ప్రీయాంప్ ట్యూబులు.

తట్టి చూడటానికి పెన్సిల్ చెక్క గానీ ఐస్‌క్రీమ్ పుల్ల గానీ తీసుకోండి, లోహం వద్దు. యాంప్ ఆన్ చేసి, వాల్యూమ్ సగంలో పెట్టి ఒక్కో చిన్న ట్యూబుని సున్నితంగా తట్టండి. మంచిదైతే స్పీకర్‌లో చిన్న టక్ వినిపిస్తుంది. పాడైనది టింగ్ మని గంటలా మోగి ఆ మోత సాగుతుంది. ఇన్‌పుట్ జాక్‌కి దగ్గరగా ఉండే మొదటి ట్యూబు దగ్గర ఎవరికైనా కాస్త ఎక్కువే వినిపిస్తుంది, అంతమాత్రాన అది పాడైనట్టు కాదు.

8. ట్యూబు మార్చడం

1. ప్లగ్ పీకండి. 20 నుంచి 30 నిమిషాలు చల్లారనివ్వండి.
2. ఫోన్‌తో ఫొటో తీయండి, ఏది ఎక్కడుందో గుర్తుకి.
3. చిన్న ట్యూబు మీద లోహపు తొడుగు ఉంటే కిందికి నొక్కి ఎడమకి తిప్పితే వస్తుంది. పెద్ద ట్యూబులకి స్ప్రింగో, పళ్ళ క్లిప్పో ఉంటుంది, దాన్ని వదులు చేయండి.
4. ట్యూబుని అడుగున పట్టుకుని చాలా కొద్దిగా ఊపుతూ నిటారుగా లాగండి. మెలితిప్పొద్దు. గాజుని పట్టి వంచితే పిన్నుల దగ్గర పగిలి గాలి దూరుతుంది.
5. కొత్త ట్యూబు పిన్నులు వంకరగా ఉంటే ముందే సరిచేయండి. చిన్నవాటికి తొమ్మిది పిన్నుల మధ్య ఒక చోట ఎక్కువ ఖాళీ ఉంటుంది, సాకెట్‌లో ఖాళీకి దాన్ని కలపండి. పెద్దవాటికి మధ్యలో చిన్న గట్టు ఉన్న బుడిపె ఉంటుంది, ఆ గట్టుని సాకెట్‌లోని గాడికి కలపండి. ఈఎల్84 మాత్రం పవర్ ట్యూబే అయినా తొమ్మిది పిన్నులదే.
6. బలవంతం లేకుండా దిగాలి. దిగకపోతే తీసి మళ్ళీ చూడండి.

ఏ చిన్న ట్యూబు పాడైందో తెలియకపోతే అన్నీ మార్చొద్దు. ఒక మంచి 12ఏఎక్స్7 దగ్గర ఉంచుకుని మొదటి స్థానం నుంచి ఒక్కొక్కటిగా మార్చి చూడండి. శబ్దం ఎక్కడ ఆగితే అదే దొంగ. మిగతావి తిరిగి వాటి స్థానాల్లోనే పెట్టేయండి.

పవర్ ట్యూబులు మాత్రం ఒక్కటి పోయినా జతగా మార్చాలి, అదీ మ్యాచ్ చేసిన జత, అంటే ఒకేలా కరెంటు లాగేవి చూసి కలిపినవి. కొన్నప్పుడే ఇంకో జత కొని పెట్టుకోండి, దూరం నుంచి తెప్పించుకునే సరుకు కాబట్టి అవసరానికి అందదు. ఫ్యూజులు, క్లీనర్, జాకులు హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి.

9. బయాస్: లెక్క తెలుసుకోండి, పని అప్పజెప్పండి

వాక్స్ ఏసీ15, ఏసీ30 లాంటి క్యాథోడ్ బయాస్ యాంపుల్లో మ్యాచ్ చేసిన ట్యూబులు గుచ్చితే చాలు, సర్దడానికి ఏమీ ఉండదు. ఫిక్స్‌డ్ బయాస్ యాంపుల్లో, సర్దే స్క్రూ ఉన్నవాటికి, పవర్ ట్యూబులు మార్చిన ప్రతిసారీ బయాస్ చూడాలి.

లెక్క ఇలా ఉంటుంది. ఈఎల్34 ప్లేటు గరిష్ఠంగా 25 వాట్లు తట్టుకుంటుంది. నిశ్శబ్దంగా ఉన్నప్పుడు అందులో 70 శాతం మించకూడదు, అంటే 17.5 వాట్లు. మీ ప్లేటు వోల్టేజి 450 అయితే 17.5ని 450తో భాగించండి, దాదాపు 39 మిల్లీయాంపులు. అదే పైహద్దు. 35 దగ్గర పెట్టినా తేడా పెద్దగా వినిపించదు, ట్యూబులు మాత్రం ఎక్కువ కాలం వస్తాయి. 6ఎల్6జీసీకి 30 వాట్లు, ఈఎల్84కి 12 వాట్లు వేసుకోండి.

కొలవడానికి ట్యూబుకీ సాకెట్‌కీ మధ్య పెట్టే బయాస్ ప్రోబ్ దొరుకుతుంది. సర్దే స్క్రూ చాసిస్ బయట ఉంటే, మాన్యువల్ చూసి మీరే చేసుకోవచ్చు. లోపల ఉంటే మెకానిక్ దగ్గర పక్కన కూర్చుని ఈ లెక్క అడగండి. కొలవకుండా చెవితో విని తిప్పేస్తాను అనేవాళ్ళకి యాంప్ ఇవ్వొద్దు.

10. ఫిల్టర్ కెపాసిటర్లు, ఏళ్ళ తరబడి ఆగిన యాంపులు

గిటార్ పీకేసినా, వాల్యూమ్ సున్నాలో ఉన్నా తగ్గని హమ్ నెలనెలా పెరుగుతుంటే లోపలి డీసీని నిలకడ చేసే ఫిల్టర్ కెపాసిటర్లని అనుమానించండి. పదేళ్ళు దాటిన యాంప్‌కి ఒకసారి పరీక్ష చేయించాలి, మన ఎండలకి ఇంకాస్త ముందే.

ఎక్కడో అటక మీద ఏళ్ళుగా ఉన్న పాత యాంప్ చేతికొస్తే, ఆత్రంగా ప్లగ్ పెట్టేయొద్దు. ఆరిపోయిన కెపాసిటర్ ఒక్కసారిగా పూర్తి వోల్టేజి పడితే పేలుతుంది, ట్రాన్స్‌ఫార్మర్‌ని తనతో తీసుకుపోతుంది. మెకానిక్ డిమ్మర్‌స్టాట్ మీద పెట్టి మెల్లగా వోల్టేజి పెంచుతూ లేపాలి.

11. తీసుకెళ్ళేటప్పుడు

వాయించడం అయిపోగానే ఎత్తేయొద్దు. కేబుళ్ళు చుట్టుకుని, పెడల్స్ సర్దుకునేలోపు పదిహేను నిమిషాలు అవుతాయి, యాంప్‌ని ఆఖర్న సర్దండి. వేడిగా ఉన్న ట్యూబు లోపలి భాగాలు కుదుపుకి చాలా సులువుగా దెబ్బతింటాయి.

ఆటోలో అయితే సీటు మీద నిటారుగా, కింద దుప్పటి మడత వేసి, ఒక చెయ్యి దాని మీద ఉంచి కూర్చోండి. బస్సు డిక్కీలో వేయొద్దు. పార్శిల్‌లో పంపక తప్పకపోతే ట్యూబులన్నీ తీసి, స్థానం రాసి, విడిగా చుట్టి పంపండి. ఏసీ కారులోంచి దింపిన యాంప్ మీద తేమ పడుతుంది, అరగంట ఆగి ఆన్ చేయండి. ఊరు చేరాక స్క్రూడ్రైవర్‌తో హ్యాండిల్, స్పీకర్, చాసిస్ స్క్రూలు ఒకసారి బిగువు చూడండి, స్పీకర్‌వి మరీ బిగించొద్దు, ఫ్రేము వంగుతుంది.

12. మెకానిక్‌కి ఇచ్చేటప్పుడు చెప్పాల్సినవి

"పనిచేయట్లేదు" అని వదిలేసి రాకండి. వాల్వు రేడియోలు బాగుచేసిన చెయ్యి దొరికితే అంతకంటే మంచిది లేదు, ఆయనకి గిటార్ తెలియకపోయినా 400 వోల్టులతో ఎలా మెలగాలో తెలుసు. సర్క్యూట్ బొమ్మ ప్రింట్ తీసి చేతికివ్వండి, మొదటి భాగంలో రాసిన కాగితం కూడా.

- సమస్య ఆన్ చేయగానే వస్తుందా, వేడెక్కాకా?
- వాల్యూమ్ నాబ్‌తోపాటు మారుతుందా, మారదా?
- ఫ్యూజు పోతే, ట్యూబులు తీసేసి వేసినా పోతుందా? ఇది ఆయన్నే చూడమనండి.
- ఆఖరిసారి ట్యూబులు ఎప్పుడు మార్చారు, అప్పుడు బయాస్ చూశారా?
- ఏ ఊళ్ళో, ఏ కరెంటు మీద వాయిస్తుండగా జరిగింది?
- ట్యూబు సాకెట్ల పిన్నుల పట్టు చూసి బిగించమని విడిగా అడగండి. అడక్కపోతే చాలామంది ఆ పని చేయరు.

తీసిన ట్యూబులూ, కెపాసిటర్లూ తిరిగి ఇమ్మని ముందే చెప్పండి. ఇంటికి తెచ్చాక లైటు ఆపి, యాంప్ వెనక పదిహేను నిమిషాలు కూర్చుని ఆ ప్లేట్లు బూడిద రంగులోనే ఉన్నాయని చూసుకున్నాకే గిటార్ తగిలించండి.